ఏవియేషన్ డిగ్రీ చదివితే పైలట్ అవుతారా?

ఇంటర్ ఫలితాలు రాగానే మెహదీపట్నం, టోలిచౌకి వైపు ఫ్లెక్సీల మీద విమానాలు ఎగరడం మొదలవుతుంది. టై కట్టుకున్న కుర్రాడు, స్కార్ఫ్ కట్టుకున్న అమ్మాయి, కింద 'నూరు శాతం ప్లేస్‌మెంట్'. ఫోన్ నంబర్ ఇచ్చామంటే చాలు, కౌన్సెలర్ రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తాడు. 'ఇంకా ఐదు సీట్లే ఉన్నాయి భాయ్, ఈరోజే అడ్వాన్స్ కట్టేయండి' అంటాడు. ఆ ఐదు సీట్లు జూలై దాకా అలాగే ఉంటాయి!

కౌన్సెలర్లు చెప్పేదంతా అబద్ధం కాదు. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్ ఇచ్చాయి. శంషాబాద్‌లో విమానాల మరమ్మతు కేంద్రాలు పెరుగుతున్నాయి. అంటే ఉద్యోగాలు వస్తాయి. అయితే ఏ ఉద్యోగం, ఏ కాగితంతో వస్తుందన్నది అసలు ప్రశ్న. గందరగోళమంతా అక్కడే.

బీబీఏ ఏవియేషన్, బీఎస్సీ ఏవియేషన్ అనే డిగ్రీలు పైలట్‌ను చేయవు. పైలట్ కావాలంటే డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్స్ కావాలి. దానికి డిగ్రీ అక్కర్లేదు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, మెడికల్ పాస్ కావాలి, నేవిగేషన్, వాతావరణం, విమాన నిబంధనల వంటి పరీక్షలు రాయాలి, 200 గంటలు విమానం నడపాలి. బైపీసీ, కామర్స్ పిల్లలు ఆ రెండు సబ్జెక్టులు ఓపెన్ స్కూల్‌లో రాసుకోవచ్చు. ఖర్చు అరకోటి దాకా పోతుంది. వడ్డీ లోన్ వద్దనుకునే ఇళ్లకు ఇది మామూలు భారం కాదు.

పాతబస్తీలో బేకరీ కార్మికుని కూతురు సయ్యదా సల్వా ఫాతిమా పైలట్ అయిన సంగతి మన ఇళ్లలో అందరికీ తెలుసు. కౌన్సెలర్లు కూడా ఆమె పేరే చెబుతారు. కానీ ఆమె వెళ్లింది బీబీఏ క్లాసుకు కాదు, ఏవియేషన్ అకాడమీకి. ముందు దాతలు, తర్వాత ప్రభుత్వం ఆదుకుంటేనే ఆ చదువు సాగింది. ఈ ముక్క మాత్రం బ్రోచర్లలో కనబడదు.

మెయింటెనెన్స్ ఇంజనీర్ దారి వేరు. అక్కడ కూడా డీజీసీఏ లైసెన్సే ముఖ్యం. డీజీసీఏ ఆమోదం ఉన్న సంస్థల జాబితా దాని వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. కాలేజీ పేరు అందులో లేకపోతే, గోడ మీద ఎన్ని సర్టిఫికెట్లు వేలాడినా లాభం లేదు. చేతిపని మీద ఇష్టమున్న పిల్లలకు పైలట్ కన్నా ఇదే మంచి దారి అనిపిస్తుంది. ఖర్చు చాలా తక్కువ, గల్ఫ్‌లో కూడా గిరాకీ ఉంది.

మరి బీబీఏ దేనికి పనికొస్తుంది? చెక్-ఇన్ కౌంటర్, కార్గో, టికెటింగ్, ఎయిర్‌పోర్టు ఆఫీసు పనులకు. అవి గౌరవమైన ఉద్యోగాలే. కానీ అదే కౌంటర్ దగ్గర మామూలు బీకాం చేసినవాళ్లు కూడా పనిచేస్తున్నారు. మొదటి జీతం చిన్నది, షిఫ్టులు రాత్రిపూట కూడా ఉంటాయి. అమ్మాయిని పంపే అమ్మీ, అబ్బా ముందే అడగాల్సిన విషయమిది. పైగా ఈ రంగం ఎప్పుడు కూలుతుందో తెలీదు. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు.

కౌన్సెలర్‌కు చాలాచోట్ల అడ్మిషన్‌కు ఇంత అని కమీషన్ ఉంటుంది. కాబట్టి అడ్వాన్స్ కట్టే ముందు అతన్ని కాదు, కాలేజీని అడగాలి. డిగ్రీ ఇచ్చే యూనివర్సిటీ ఏది, యూజీసీ గుర్తింపు ఉందా? సీటు దోస్త్ ద్వారా వస్తుందా, ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? పోయిన ఏడాది బ్యాచ్‌లో ఎంతమందికి ఏ కంపెనీలో ఎంత జీతంతో ఉద్యోగం వచ్చింది, వాళ్లలో ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడిస్తారా? మానుకుంటే డబ్బు వాపసు ఇస్తారా? జవాబులన్నీ రాతపూర్వకంగా ఇమ్మనాలి. పైలట్ కావాలన్న పిల్లవాడైతే వీటన్నిటికన్నా ముందు మెడికల్ చేయించాలి. రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉందన్న సంగతి లక్షలు కట్టాక బయటపడిన ఇళ్లున్నాయి.