కందెన

ముప్పై ఏండ్లు నేను రాపిడి గురించి పాఠం చెప్పిన. రాపిడి, అరుగుదల, కందెన, ఈ మూడింటి శాస్త్రానికి 1966లో ఇంగ్లండుల పీటర్ జోస్ట్ కమిటీ నివేదికతోని ట్రైబాలజీ అని పేరొచ్చింది. ఆ పని మా మాదిగవాడకు అంతకు ముందే తెలుసు. దొర బండి ఇరుసుకు గడ్డి కాల్చిన మసిల ఆముదం కలిపి కందెన పెట్టింది మా నాయిన. మోట బొక్కెన కుట్టింది, తోలు ఎండి పగలకుండ దానికి ఆముదం పట్టించింది ఆయనే. ఆ నీళ్ళు పారిన మడి మాది గాదు. ఆ బాయిల చేద వేసే హక్కు మాకు లేదు.

కొలువుల చేరిన కొత్తల నా సబ్జెక్టు విని ఒక సీనియర్ సారు నవ్విండు. "మీవోళ్ళకు తగ్గదే దొరికిందయ్యా, నూనె పూసే పని!" అందరు నవ్విండ్రు. నేను సుత నవ్విన. ఆ నవ్వు ఇప్పటికీ గొంతుల ముల్లు లెక్క ఉన్నది. మొదటి ప్రపంచ యుద్ధంల ఎన్నో విమానాల ఇంజన్లు ఆముదంతోనే తిరిగినయి. అది చెప్తే సైన్సు. మా నాయిన చేస్తే కులవృత్తి!

మెరిట్ అంటరు. సరే, నా సబ్జెక్టుల నుంచే జవాబు చెప్త. 1880లలో బీచమ్ టవర్ బేరింగుల మీద ప్రయోగాలు చేస్తుంటే, నూనె రంధ్రానికి కొట్టిన బిరడా ఎగిరి బయటపడ్డది. తిరిగే ఇరుసుకూ బేరింగుకూ నడుమ నూనె పొరల అంత ఒత్తిడి పుడుతదని అట్ల తెలిసింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి లెక్క కట్టిండు. బరువు మోసేది కంటికి కానరాని ఆ పొర. ఇరుసుకు నోరుంటే నా మెరిట్‌తోనే తిరుగుతున్న అనేది. తాతల భూమి, ఇంగ్లీషు చదువు, కమిటీల కూసున్న మేనమామ, ఇదీ సార్లూ మీ నూనె పొర. మాది లోహం మీద లోహం. అరిగేది మేమే, చప్పుడు చేస్తున్నరని తిట్లు పడేదీ మేమే.

నా తప్పు కూడా ఒప్పుకోవాలె. ఒకసారి ఎంపిక కమిటీల నన్ను ఎస్సీ మెంబరుగ కూసోబెట్టిండ్రు. పోస్టు రిజర్వుడు. వచ్చిన పిల్లగాడు మంచిగనే చెప్పిండు. చైర్మన్ "తగిన అభ్యర్థి దొరకలేదు" అని రాసి కాగితం నా ముందుకు జరిపిండు. నా ప్రమోషన్ ఫైలు ఆయన టేబుల్ మీదనే ఉన్నది. సంతకం పెట్టిన. కమిటీ చప్పుడు లేకుండ సాగిపోయింది. మా నాయిన ఇరుసుకు పెట్టిన కందెనను ఆ దినం వాళ్ళు నాతోని చేసుకున్నరు.

2019లో కేంద్ర విద్యాసంస్థల అధ్యాపక రిజర్వేషన్ చట్టం వచ్చింది. విభాగాన్ని గాదు, సంస్థ మొత్తాన్ని ఒక యూనిట్‌గ లెక్కగట్టాలన్నది. మంచిదే. కాని "తగినోళ్ళు లేరు" అని రాసే కలం ముందట రోస్టర్ ఒక్కటే ఏం జేస్తది?

కమిటీలల్ల కూసునే మన పిల్లలకు ఒక్క మాట. రాపిడి లేకుంటే చక్రం ముందుకు పోదు, బ్రేకు పట్టదు, మనిషి అడుగు పడదు. ఇది మొదటి పాఠం. కందెన కాకుండ్రి. ఆ కాగితం మీద "నేను ఒప్పుకోను" అని రాసి, దాని కింద సంతకం పెట్టుండ్రి.