ఆడపిల్లకు ఆట అనవసరమా?

రాయపూరు నగరమునకు పడమట, భిలాయికి పోవు మార్గమున, టాటీబంధ్ అను పేట కలదు. 2012లో వైద్యవిద్యా బోధన ప్రారంభించిన అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ అచటనే నెలకొన్నది. ఎముకలకు, కీళ్లకు ఒక విభాగము, స్త్రీల వ్యాధులకు, ప్రసూతికి మరియొక విభాగము అందు గలవు. ఉక్కు కర్మాగారమును, రైల్వేలను ఆశ్రయించి వచ్చిన తెలుగు కుటుంబములు ఆ ప్రాంతమున స్థిరపడియున్నవి. వైద్యము ఇంత చేరువకు వచ్చినను, తెలుగువారెచట నున్నను, పెద్దల నోట పాత మాట ఇంకను వినవచ్చుచునే యున్నది: "ఈడు వచ్చిన పిల్లకు ఇంక ఆటలెందుకు?"

ఈ మాటలో మూడు భయములు దాగియున్నవి. దెబ్బ తగిలి పిల్ల అవిటిదగునేమో. తల్లి యగుటకు ఆట అడ్డు వచ్చునేమో. పెండ్లియైన పిదప పడిన శ్రమయెల్ల వ్యర్థమగునేమో. ఈ భయములను ఎగతాళి చేయరాదు. కాని వానిని పరీక్షింపకయే పిల్లను ఇంట కూర్చుండబెట్టుట అంతకంటె పెద్ద పొరపాటు.

హైదరాబాదున పెరిగిన సానియా మీర్జా ఆరేండ్ల ప్రాయముననే టెన్నిసు రాకెట్టు చేపట్టెను. 2005లో హైదరాబాదు పోటీలో గెలిచి, మహిళల అంతర్జాతీయ వృత్తి క్రీడలో సింగిల్సు విజయము పొందిన ప్రథమ భారతీయ వనితయయ్యెను. 2007లో ప్రపంచమున 27వ స్థానమున కెక్కెను. మరుసటి యేడే కుడి మణికట్టు దెబ్బతిని శస్త్రచికిత్స అవసరమయ్యెను. తరువాత మోకాళ్లును బాధించెను. మొదటి భయము నిజమైనట్లే తోచును. కాని ఆమె నొప్పిని దాచలేదు, ఆటను విడువలేదు. చికిత్స పొందెను, విశ్రాంతి తీసికొనెను, 2013లో సింగిల్సు మాని, దేహమునకు తగిన డబుల్సునే ఎంచుకొనెను. 2015 ఏప్రిలులో డబుల్సున ప్రపంచ ప్రథమ స్థానము నందుకొనెను. ఆరు గ్రాండ్ స్లామ్ విజయములు ఆమెవి.

2018 అక్టోబరులో ఆమె తల్లియయ్యెను. 2020 జనవరిలో హోబర్టు నగరమున డబుల్సు టైటిలు గెలిచెను. 2023 వరకు ఆట సాగించి, తానే కోరి విరమించెను. రెండవ భయమునకు ఇంతకంటె సమాధానమేల?

మూడవ భయమునకు జపాను దేశపు కిమికో దాతె జీవితము సమాధానము చెప్పును. 1995లో ప్రపంచమున నాల్గవ స్థానము పొందిన ఆమె, మరుసటి యేడు ఆట మానెను. పండ్రెండేండ్ల పిదప, 37వ యేట, తిరిగి రాకెట్టు పట్టెను. 2009లో సియోలున గెలిచిన మరునాడే ఆమెకు 39 ఏండ్లు నిండెను. 2016లో మోకాలికి శస్త్రచికిత్స జరిగినను మరల ఆడి, 2017లో విరమించెను. బాల్యమున సంపాదించిన దేహబలము వడ్డీతో తిరిగివచ్చు మూలధనము వంటిది.

ప్రతి బాలికయు సానియా కానక్కరలేదు. ఇచట ప్రశ్న పతకములది కాదు, రక్తముది, ఎముకలది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి మన దేశమున 15–19 ఏండ్ల బాలికలలో 59 శాతము మంది రక్తహీనత గలవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారము 2016లో లోకమందలి 11–17 ఏండ్ల బాలికలలో 85 శాతము మందికి చాలినంత వ్యాయామము లేదు. అందరును తినిన పిదప మిగిలినది తినుట, రోజంతయు నాలుగు గోడల నడుమ గడుపుట, ఆయాసము వచ్చినను నోరు విప్పకుండుట: దీనిని అణకువ యనుట తగదు. ఇది వ్యాధికి వేయు పునాది.

కావున తల్లిదండ్రులు చేయవలసినది కష్టమైనది కాదు. పిల్లకు దినమునకు ఒక గంట ఆట ఉండనిండు. పప్పు, ఆకుకూరలు, గ్రుడ్డు సోదరునితో సమానముగ వడ్డింపుడు. బడిలోగాని, అంగన్‌వాడీలోగాని వారమున కొకసారి ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు నీలి మాత్రను మానకుండ వేయింపుడు. కీలు వాచినను, నొప్పి కొన్ని దినములలో తగ్గకున్నను, నాటుకట్టుతో సరిపెట్టక వైద్యునికి చూపుడు. కాన్పు తరువాత ఆటకు మరలగోరు స్త్రీ వైద్యుల సలహాతో క్రమక్రమముగ మొదలుపెట్టవలెను.

పిల్ల కుంటుచు ఇంటికి వచ్చిననాడు "ఇంక ఆట చాలు" అనుట సులభము. "ఎక్కడ నొప్పి?" అని అడిగి, చేయి పట్టి ఆసుపత్రికి తీసికొనిపోవుటయే నిజమైన వాత్సల్యము.