ఎరుపు చూసి మోసపోకండి

విద్యార్థులారా! ఆదివారం నాడు ఇంట్లో కోడి వేపుడు చేస్తే, "హోటల్లో చికెన్ 65లాగా కరకరలాడటం లేదు, ఎర్రగానూ లేదు" అని మూతి ముడిచినవారు మీలో ఎంతమంది? మీ ఫిర్యాదులో సగం న్యాయముంది. కరకరలాడాలని కోరడం న్యాయమే. ఎర్రగా ఉండాలని కోరడమే పొరపాటు.

ముందు కరకర సంగతి చూద్దాం. పచ్చి కోడిమాంసంలో సుమారు నాలుగింట మూడు వంతులు నీరే. కూరలో ఉడికే ముక్క 100 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే ఆగిపోతుంది. వేపుడుకు కాచిన నూనె 170 నుంచి 180 డిగ్రీల దాకా ఉంటుంది. అందులో ముక్క వేయగానే లేచే బుడగలు నూనె మరిగి వచ్చినవి కావు. ముక్కలోని నీరు ఆవిరై పోతున్నది. పైపొర ఆరిన తరువాతే దాని వేడి 100 డిగ్రీలు దాటుతుంది. 140 డిగ్రీలు దాటేసరికి మాంసంలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు చురుకుగా కలిసి గోధుమరంగును, కమ్మని వాసనను పుట్టిస్తాయి. దీనినే మయార్ చర్య అంటారు. 1912లో దీనిని వివరించిన ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుని పేరది.

మరి ఇంట్లో ఎందుకు కుదరదు? బాండీ నిండా ముక్కలు ఒకేసారి వేస్తే నూనె చల్లబడుతుంది. ముక్కలు వేగడం మాని, తమ నీటిలో తామే ఉడుకుతాయి. మొక్కజొన్న పిండి, కాస్త బియ్యప్పిండి పట్టించి నాలుగైదు ముక్కల చొప్పున వేయాలి. తీసి కొంతసేపు ఆరనిచ్చి, మళ్ళీ వేయిస్తే పైకి చేరిన తేమ కూడా పోతుంది. రహస్యమంతా ఇంతే! అయితే కాగిన నూనె దగ్గరికి పెద్దలు లేకుండా వెళ్ళకండి. నూనె అంటుకుంటే నీళ్ళు పోయరాదు. పొయ్యి ఆర్పి మూత పెట్టాలి.

ఇక ఎరుపు. వేగడం వల్ల వచ్చేది గోధుమరంగే అని చూశాం కదా! మరి ఆ నిప్పులాంటి ఎరుపు ఎక్కడిది? కొంత మిరపపొడిది కావచ్చు. చాలాచోట్ల అది డబ్బాలోని రంగు. కర్ణాటకలో కబాబులను పరీక్షిస్తే కొన్నిటిలో సన్‌సెట్ ఎల్లో, కార్మోసిన్ అనే కృత్రిమ రంగులు బయటపడ్డాయి. 2024 జూన్‌లో ఆ ప్రభుత్వం కబాబుల్లో కృత్రిమ రంగులను నిషేధించింది.

రంగుతో మరో చిక్కు ఉంది. ముక్క సరిగా వేగిందో లేదో చెప్పే గోధుమరంగును అది కప్పేస్తుంది. సరిగా ఉడకని కోడిమాంసంలో సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు బతికే ఉండవచ్చు. ముక్క నడిమధ్యన వేడి 74 డిగ్రీలకు చేరితేనే నిశ్చింత. వంట థర్మామీటరు గుచ్చి చూడవచ్చు; జ్వరం చూసేది మాత్రం పనికిరాదు!

తప్పంతా హోటలువారిదే అనను. మనం ఎరుపు కోరుతున్నాం, వారు ఎరుపు పూస్తున్నారు. ఈసారి హోటలుకు వెళ్ళినప్పుడు "రంగు వేయకుండా ఇవ్వండి" అని అడగండి. పదిమంది అడిగితే డబ్బా దానంతటదే మూలపడుతుంది. ఇంట్లో గోధుమరంగు వేపుడు వడ్డించినప్పుడు మూతి ముడవకండి. మీ కంచంలో ఉన్నదే అసలైన రంగు.