నలుబదవ యేట గిటారు

మన తెలుగు సంఘముల ఉత్సవములలో ఒక విచిత్రమైన ఏర్పాటు స్థిరపడిపోయినది. పిల్లలు వేదికపై నుందురు. పెద్దలు కుర్చీలలో నుందురు. పిల్లలు పాడుదురు, ఆడుదురు. పెద్దలు చప్పట్లు చరచి, ఫోటోలు తీసి, భోజనములకు నడతురు. ఒకానొక పెద్ద ధైర్యము చేసి పాటకు లేచినను, ఆయనకు తోడుగా సెల్‌ఫోను నుండి కారియోకే మ్రోగవలసినదే. సభ యంతటిలో పెద్దవారి చేత ఒక్క వాద్యమైనను పలుకుట అరుదు. దీనిని మనము సంస్కృతీ పరిరక్షణమని చెప్పుకొనుచున్నాము. ఇది పరిరక్షణము కాదు. మన బాధ్యతను పిల్లల భుజములపైకి నెట్టివేయుట.

యలహంకలో నివసించు మనకు ఈ మాట మరింత వర్తించును. ఈ సీమలోనే తరతరములుగా తెలుగు మాటలాడుచు వచ్చిన కుటుంబములు మనలో కలవు. 1963లో వైమానిక స్థావరము, 1984లో రైలు చక్రముల కర్మాగారము వెలసిన పిమ్మట ఉద్యోగములకై వచ్చి స్థిరపడినవారును కలరు. మన పిల్లలు బడిలో కన్నడము, ఇంగ్లీషు, హిందీ చదువుచున్నారు. అది న్యాయమే, ఏ గడ్డపై నున్నామో ఆ గడ్డ భాష నేర్వవలెను. కాని తెలుగు లిపి వారిలో అనేకులకు రాదు. కావున తెలుగు వారిని చేరు త్రోవలు రెండే: ఇంటి మాట, ఇంటి పాట. ఇంటి మాట 'తిన్నావా, చదివినావా' అను ప్రశ్నలతో ముగియుచున్నది. పాట యొక్కటే నిత్యవ్యవహారమునకు మించిన తెలుగును పిల్లవాని నోట నిలుపగలదు. ఆ పాటను నేడు ఇంటిలో ఎవరు పాడుచున్నారు? యంత్రము పాడుచున్నది.

ఈ ఊరికి తెలుగు పాట క్రొత్తది కాదు. 1537లో బెంగళూరు కోటను కట్టించిన యలహంక నాడప్రభువు మొదటి కెంపేగౌడ తెలుగున 'గంగాగౌరీవిలాసము' అను యక్షగానమును రచించెనని ప్రసిద్ధి. కన్నడ ప్రభువు తెలుగు పాట కట్టిన చోట, తెలుగు గృహస్థుడు తన పాటకు తాను శ్రుతి కూర్చుకొనలేక యంత్రమును ఆశ్రయించుట తగునా?

కావున నా వాదము సూటిగా చెప్పెదను. ప్రతి తెలుగింట పిల్లలకంటె ముందుగా పెద్దలలో ఒకరు వాద్యము నేర్వవలెను. అందుకు గిటారు మిక్కిలి తగినది. వేణువు వాయించువాడు పాడలేడు. వయొలిన్ వినసొంపుగా పలుకుటకు ఏండ్లు పట్టును. వీణ మహావాద్యమే, కాని రెండు గదుల ఇంటిలో దానికి చోటు చూపుట కష్టము, ఊరికి వెంట తీసికొనిపోవుట మరింత కష్టము. గిటారునకు వీణవలె మెట్లున్నవి. మెట్టు వెనుక వ్రేలు నొక్కినచో స్వరము తప్పక పలుకును. వాయించుచు పాడవచ్చును. ఇల్లాలు పాడగా భర్త వాయింపవచ్చును, భర్త పాడగా ఇల్లాలు వాయింపవచ్చును. గోడనున్న కొక్కెమునకు వ్రేలాడదీసినచో ఆ వాద్యము కాలికి అడ్డము రాదు.

దీనికి మొదటి ఆక్షేపణ అందరికిని కంఠస్థమే: 'మొక్కై వంగనిది మ్రానై వంగునా?' ఈ సామెతను మనము బుద్ధిమాటగా కాక, సోమరితనమునకు ముసుగుగా వాడుకొనుచున్నాము. వీణ చేయువాడు లేతమొక్కను కోరడు. ముదిరిన పనసమ్రానునే కోరును. అమెరికాలో గ్యారీ మార్కస్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు నలుబదవ యేడు సమీపించుచుండగా గిటారు పట్టి, తన అభ్యాసమును 'గిటార్ జీరో' అను గ్రంథముగా 2012లో ప్రకటించెను. చిన్ననాడు గాక సంగీతము అబ్బదను నమ్మకమునకు మనము అనుకొనునంత బలమైన ఆధారము లేదని ఆయన వాదన. నలుబది యేండ్లవానికి పిల్లవానికి లేని సంపద కలదు: వందల పాటలు అతని చెవిలో నున్నవి; తాళము ఎచ్చట పడునో అతనికి తెలియును; ఒక పనిని చిన్న భాగములుగా విడదీసి చేయు అలవాటు ఉద్యోగము నేర్పియున్నది. అతనికి లేనివి రెండే: వ్రేళ్ళ చుఱుకుతనము, నలుగురిలో తప్పు వాయించుటకు కావలసిన సిగ్గులేనితనము. మొదటిది సాధనతో వచ్చును. రెండవది పిల్లలయొద్ద నేర్వవలెను.

అతడు విద్వాంసుడు కాకపోవచ్చును. కాని వంట చేయు ప్రతి తల్లియు నలభీములతో పోటీకి దిగుచున్నదా? ఇంటివారి ఆకలి తీరుటకు వండుచున్నది. ఇంటి పాటయు అట్టిదే.

రెండవ ఆక్షేపణ: 'ఇది పరదేశపు వాద్యము.' ఈ మాట అనువారు కచేరీలో వయొలిన్ లేనిదే పాట వినరు! ఆ వయొలిన్‌ను ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యునియొద్ద నేర్చి మన సంగీతమునకు తెచ్చెను. ఆ వాద్యమున తెలుగువారి కీర్తిని నిలిపిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1893లో ఈ బెంగళూరుననే జన్మించి, విజయనగరము సంగీత కళాశాలకు 1936లో అధ్యక్షులైరి. పాలకొల్లు శ్రీనివాస్, అమెరికా ఐరోపాల వారి మాండొలిన్‌ను విద్యుత్ వాద్యముగా చేపట్టి, 2014లో మరణించునాటికి దానిని తన యింటి పేరుగా చేసికొనెను. సుకుమార్ ప్రసాద్, ఆ పిమ్మట ప్రసన్న గిటారుపైననే కర్ణాటక సంగీత కచేరీలు చేసిరి. వాద్యమునకు కులగోత్రములు లేవు. వాయించువాని పాటకే కలవు.

నమ్మనివారు తామే పరీక్షింపవచ్చును. సన్నని తంత్రిని మొదటిదిగా లెక్కించి, అయిదవ తంత్రిపై మూడవ మెట్టు నొక్కుడు: అది ఒకటి శ్రుతి షడ్జమము. నాల్గవ తంత్రిని నొక్కక మీటిన రిషభము. దాని రెండవ మెట్టు గాంధారము, మూడవ మెట్టు మధ్యమము. మూడవ తంత్రిని నొక్కక మీటిన పంచమము. దాని రెండవ మెట్టు ధైవతము. రెండవ తంత్రిని నొక్కక మీటిన నిషాదము. దాని మొదటి మెట్టు తారషడ్జమము. మూడు మెట్ల వెడల్పులో శంకరాభరణము పూర్తిగా నున్నది. అందు మధ్యమ నిషాదములను విడిచినచో మోహనము. ఇంకను ఇది పరాయిదేనా?

ఇక కొనుగోలు. ఇచ్చట మనవారు రెండు విపరీతములకు పోవుదురు. ఒకడు, 'అబ్బునో అబ్బదో' అని బజారులో ఆటబొమ్మ వంటి గిటారును కొనును. వేరొకడు ఉత్సాహమున నెల జీతమంతయు వెచ్చించి, విద్వాంసులకు తగిన వాద్యమును తెచ్చి, గాజు బీరువాలో పెట్టును. రెండవవాడు ధనమునే పోగొట్టుకొనును. మొదటివాడు ధైర్యమునే పోగొట్టుకొనును. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మనకు కలదు. కాని మద్దెల నిజముగనే ఓడైనచో? తంత్రులు మెట్లకు మిక్కిలి ఎత్తుగా నున్న గిటారుపై వ్రేళ్ళు కోసికొనిపోవును, స్వరము తప్పును, నేర్చువాడు తన చేతినే నిందించుకొని విడిచిపెట్టును. పెక్కు ఇండ్లలో అటకపైకి ఎక్కిన గిటారు కథ ఇదియే. ఒక మధ్యరకము పట్టుచీర వెలకు మించకుండ గివ్సన్, యమహా వంటివారి ప్రారంభదశ వాద్యము దొరకును. అది చాలును.

నైలాన్ తంత్రులదా, ఉక్కు తంత్రులదా? నైలాన్ వ్రేళ్ళకు మెత్తన, కాని దాని దండి వెడల్పు; మెల్లని పాటకు ఇంపు. ఉక్కు తంత్రుల దండి సన్నన, ధ్వని బిగ్గర, కాని తొలి వారములలో వ్రేళ్ళు నొచ్చును. కాగితములు త్రిప్పి మెత్తబడిన చేతులవారు నైలాన్ కొనుట మేలు. లేదా ఉక్కు గిటారునకు మిక్కిలి సన్నని తంత్రులు వేయించుకొనవలెను. విద్యుత్ గిటారు వ్రేళ్ళకు సులభమే. కాని దానికి ఆంప్లిఫయరు కావలెను, అపార్టుమెంటులో ఇరుగుపొరుగువారి ఓర్పును కావలెను.

అంగడిలో చూడవలసినవి కొన్ని. దండిని కంటికి ఆనించి చూడుడు, వంకర యుండరాదు. ప్రతి మెట్టుపై నొక్కి మీటుడు; జీర పలుకరాదు. పండ్రెండవ మెట్టు వద్ద నొక్కి మీటిన స్వరము, నొక్కక మీటిన స్వరమునకు సరిగా పైస్థాయిలో పలుకవలెను. ఆ మెట్టు వద్ద తంత్రి ఎత్తు ఉక్కుదానికి రెండు మూడు మిల్లీమీటర్లు, నైలాన్‌దానికి మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉండిన చాలును. బిరడలు త్రిప్పిన చోట నిలువవలెను. తెలిసినవారిని వెంట తీసికొనిపోవుట ఉత్తమము. వాద్యముతోబాటు శ్రుతి చూపు ట్యూనరు ఒకటి, కేపో అను బిగింపు పట్టీ ఒకటి, ఒక సంచి చాలును. కేపోను మొదటి మెట్టుకు బిగించినచో ఒకటి శ్రుతి ఒకటిన్నర యగును. గొంతునకు తగిన శ్రుతి దొరకును. వాయించిన పిమ్మట తంత్రులను పొడి బట్టతో తుడువవలెను. ఎండలో నిలిపిన కారులో వాద్యమును విడువరాదు.

'సమయమేది?' అను మూడవ ఆక్షేపణ మిగిలియున్నది. హెబ్బాళ ఫ్లైఓవరు వద్ద ప్రతిదినము మనము పోగొట్టుకొనునది ఏమి? రాత్రి పడుకొనుటకు ముందు సెల్‌ఫోనులో మునుగు గంట ఏమి? ఆదివారము మూడు గంటలకంటె ప్రతిదినము ఇరువది నిమిషములు మేలు. కొన్ని వారములకు వ్రేలికొనలు గట్టిపడును. మూడు స్వరములను ఒక్కసారి మ్రోగించు కార్డ్‌లలో జి, సి, డి అను మూడు చేతికి వచ్చినచో, అమ్మమ్మలు పాడిన సులభమైన పాటలకు అనేకములకు తోడు నిలువవచ్చును. పిల్లవాడు ప్రక్క గదినుండి వినును. తండ్రి తప్పు వాయించుట, ఆగుట, మరల మొదలుపెట్టుట వినును. నేర్చుకొనుమని వేయిమార్లు చెప్పుటకంటె ఆ వినికిడి వానికి ఎక్కువ నేర్పును. ఒకనాడు పాటలోని మాటకు అర్థ మడుగును. ఆనాడు ఆ ఇంటిలో తెలుగు పాఠము మొదలైనట్లే.

మన సంఘమునకు నా విన్నపము రెండు మాటలు. తోరణములకును బహుమతులకును పెట్టు వ్యయములో కొంత తీసి, రెండు మంచి గిటారులను కొని, కొనుటకు జంకు సభ్యులకు మూడేసి నెలలు ఎరువిచ్చుడు. రాబోవు ఉగాదినాడు అరగంట కాలమును నలుబది దాటిన అభ్యాసకులకు కేటాయింపుడు. ఆ అరగంటలో కారియోకే మ్రోగరాదు. పాట తడబడవచ్చును, తంత్రి జీర పలుకవచ్చును. కుర్చీలలో ఈసారి పిల్లలు కూర్చుండి చప్పట్లు కొట్టవలెను.