మయసభవంటి పళ్ళెరము



మయసభలో దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీరనుకొని కట్టుబట్ట నెత్తిపట్టెను. నిజమైన నీటిని నేలయనుకొని మడుగులో పడెను. చూచినవారు నవ్విరి. ఆ నవ్వు ఎంత పగకు బీజమయ్యెనో భారతము చదివిన మీకు చెప్పనక్కరలేదు. ఒక తీపివస్తువును వేరొక తీపివస్తువువలె కనబడునట్లు చేయువారు ఆ కథను మరువరాదని నా కొకనాడు తెలిసివచ్చినది.

బిస్కత్తును కేకుముక్కవలెనో, ఐస్‌క్రీము గొట్టమువలెనో అలంకరించుట యిప్పుడొక వేడుక. ఇట్టి ముచ్చట మనకును క్రొత్తది కాదు. పిండిని గవ్వలపీటపై నొత్తి గవ్వలు చేయుదుము. పాకమును కొయ్యయచ్చులలో పోసి పంచదార చిలుకలు చేయుదుము. సిసిలీ ద్వీపమున పలెర్మో పట్టణములోని మార్టొరానా మఠము పేర, బాదముపిండితో చేసిన పండ్లు నేటికిని ప్రసిద్ధములు.

నిరుడు మా చిన్నవాని పుట్టిననాడు నేను జాంగ్రీలవంటి బిస్కత్తులు చేసితిని. పైపూతకు కోడిగ్రుడ్డు తెల్లసొనను చక్కెరపొడితో గిలకొట్టితిని. మా పిల్లలు గ్రుడ్డు తిందురు. మా అత్తగారి అక్కగారు ముట్టరు. ఆమెకు జాంగ్రీ యనిన ప్రీతి. నేను వంటయింటిలో నుండగా పిల్లవాడు పళ్ళెర మామె ముందుంచి, "మామ్మా, జాంగ్రీ తినవూ?" అనెను. నేను వచ్చునప్పటికి ఆమె సగము తినియే యుండిరి. పిల్లలు చప్పట్లు చరిచి నవ్విరి. ఆమెయు నవ్వి, "మరి దీన్ని దేనితో చేశావమ్మా?" అని యడిగిరి. బొంకుటకు నాకు నోరు రాలేదు. ఉన్నమాట చెప్పితిని.

ఆమె కోపింపలేదు. మెల్లగా లేచి పెరటిలోనికి పోయి నోరు పుక్కిలించి వచ్చి, ఆ పూట భోజనము మానిరి. "నువ్వు కావాలని చేశావా, తల్లీ" అని మాత్రమనిరి. నాలుగు తిట్లు తిట్టియుండిన నా మనసు తేలికపడెడిది.

నాటినుండి గ్రుడ్డు మానితిని. పచ్చిసొన పసివారికిని గర్భిణులకును మంచిది కాదు. సాల్మనెల్లా యను సూక్ష్మజీవి అందుండవచ్చును. ఇప్పుడు నేను చేయు విధ మిది.

చక్కెరపొడి 50 గ్రాములు, వెన్న 100 గ్రాములు, మైదా 150 గ్రాములు, చిటికెడు ఉప్పు. ఇంటివెన్నయైన నీరంతయు పిండివేయవలెను. వెన్నను చక్కెరను కలియగొట్టి, మైదా చేర్చి ముద్ద చేయుడు. ఎక్కువగా పిసికిన బిస్కత్తు గట్టిపడును. అరగంట ఫ్రిజ్జులో నుంచి, అర సెంటీమీటరు మందమున నొత్తి, గ్లాసు అంచుతో బిళ్ళలు కోసి, మరల పావుగంట చల్లార్చుడు. చల్లని బిళ్ళలో వెన్న వెంటనే కరగదు గనుక ఆకారము చెడదు. బేకింగు పౌడరు వేయరాదు. పొంగి అంచులు చెదరును. ముందుగా వేడిచేసిన ఓవెనులో 170 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిని, అంచులు తేనెరంగు వచ్చువరకు, సుమారు 12 మొదలు 15 నిమిషములు కాల్చుడు.

బిళ్ళలు పూర్తిగా చల్లారనిదే పూత పెట్టరాదు, కరగి జారును. ఐసింగు చక్కెర 200 గ్రాములకు సుమారు 2 పెద్ద చెంచాల నీరు కొంచెము కొంచెముగా కలుపుడు. ఆ నీటిలోనే బీటుదుంప రసము, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నిమ్మరసము చేర్చిన జాంగ్రీరంగు వచ్చును. గీసిన గీత పరచుకొనక నిలిచిన పాకము కుదిరినట్లు. నూనెకాగితమును పొట్లముగా చుట్టి, కొన కత్తిరించి, నడుమ నొక వలయమును, దానిచుట్టు చిన్న చుట్టలను వేయుడు. రాత్రియంతయు ఆరనిండు.

ఈ యేడు తొలి బిస్కత్తు ఆమెకే యిచ్చి, అందేమేమి యున్నవో ఒక్కొక్కటిగా చెప్పితిని. త్రిప్పి త్రిప్పి చూచి, "నిన్ను నమ్మి తింటున్నానే" అని తినిరి.

అంగడి పొట్లముపై శాకాహారమునకు ఆకుపచ్చ గుర్తుండును. ఇంటి పళ్ళెరముపై ఏ గుర్తును లేదు. ఇల్లాలి మాటయే గుర్తు. గ్రుడ్డు ముట్టనివా రుందురు. వేరుసెనగయో జీడిపప్పో సరిపడక ప్రాణాపాయమున పడువారును కలరు. కావున వేడుక కంటికే కానిండు. చేయి సాచకమునుపే అందున్నది చెప్పుడు. చెప్పినంతమాత్రమున వింత తగ్గదు. నవ్వు మాత్రము అందరిదియు నగును.