మూర్ఛకు గంజాయి నూనె వాడవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి ఏడేళ్లు. రెండు రకాల మాత్రలు వాడుతున్నా నెలకు రెండు మూడుసార్లు ఫిట్స్ వస్తూనే ఉన్నాయి. గంజాయి నుంచి తీసిన నూనె వేస్తే పూర్తిగా తగ్గుతుందనీ, మాత్రలు మానేయవచ్చనీ మా బంధువు ఒకాయన సీసా తెచ్చి ఇచ్చాడు. వాడమంటారా?
— ఒక తల్లి, కంఠేశ్వర్, నిజామాబాద్

జవాబు: ముందుగా ఒక మాటమ్మా. సీసా పక్కన పెట్టండి. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానకండి. హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

మీ బంధువు చెప్పినదాంట్లో కొంత నిజం లేకపోలేదు. గంజాయి మొక్కలో కన్నబినాయిడ్లు అనే పదార్థాలు వందకు పైగా ఉన్నాయి. మత్తు కలిగించేది టి.హెచ్.సి. ఫిట్స్ మీద పనిచేసేది సి.బి.డి. దీనికి మత్తు గుణం లేదు. కన్నబిజెరాల్ వంటి అరుదైనవి చాలా మొక్కల్లో నూటికి ఒక వంతు కూడా ఉండవు. వాటిని మందుగా వాడేంత రుజువు ఇంకా లేదు.

వీటిని విడదీయడం ఎలాగంటారా? బోధన్ శక్కర్‌నగర్‌లో 2015 దాకా నడిచిన చక్కెర ఫ్యాక్టరీని చూసినవారికి సులువుగా అర్థమవుతుంది. చెరకు రసం కాచి బెల్లం చేస్తే అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. ఫ్యాక్టరీలో మడ్డిని వేరుచేసి పలుకులు మాత్రమే తీస్తారు. అలాగే గంజాయి పూతను సారాయి వంటి ద్రావకంలో నానబెట్టి తీసిన ముద్ద బెల్లం లాంటిది. దాన్ని చల్లబరచి మైనం తీసేసి, క్రొమటోగ్రఫీ అనే పద్ధతిలో ఒక్కొక్క పదార్థాన్నీ విడగొట్టి, ప్రతి దశలో పరీక్షిస్తే చివరికి పలుకులు వస్తాయి. ఇది ఇంట్లో అయ్యే పని కాదు.

అలా శుద్ధిచేసిన సి.బి.డి. మందును అమెరికా 2018లో డ్రావే, లెనాక్స్-గస్టో అనే రెండు మొండి మూర్ఛలకు అనుమతించింది. 2020లో మరొక జబ్బుకు అనుమతించింది. డ్రావే జబ్బున్న 120 మంది పిల్లలపై 2017లో వెలువడిన పరిశోధనలో, మందు పడినవారికి నెలకు సుమారు 12 సార్లు వచ్చే ఫిట్స్ 6కి తగ్గాయి. పూర్తిగా ఆగినది నూటికి 5 మందికే. వారెవరూ పాత మందులు మానలేదు.

మరి మీ సీసాలో ఏముంది? 2017లోనే అమెరికాలో ఇంటర్నెట్ ద్వారా అమ్మే 84 సి.బి.డి. సరుకులను పరీక్షిస్తే, చీటీమీద రాసినంత మోతాదు ఉన్నవి 26 మాత్రమే. పద్దెనిమిదింటిలో టి.హెచ్.సి. కూడా ఉంది. ఎదిగే మెదడుకు అది మంచిది కాదు. పైగా గంజాయి పూత నుంచి తీసిన సరుకు దగ్గర ఉంచుకోవడం 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం నేరం కావచ్చు.

శుద్ధమైన సి.బి.డి. అయినా క్లోబజామ్‌తో కలిస్తే నిద్రమత్తు ఎక్కువవుతుంది. వాల్‌ప్రోయేట్‌తో కలిస్తే కాలేయం దెబ్బతినవచ్చు. అందుకే రక్త పరీక్షలు చేయిస్తూ వాడాలి.

ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి, ఎంతసేపు ఉన్నాయి అన్నది ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ పుస్తకం, మాత్రలు, ఆ సీసా అన్నీ తీసుకుని పిల్లల డాక్టరుకు చూపించండి. అవసరమైతే హైదరాబాదు నిమ్స్‌లో నరాల నిపుణులున్నారు. మాత్రల మోతాదు సరిచేస్తేనే చాలామందికి తగ్గుతుంది. ఇప్పటికే నూనె వేసి ఉంటే దాచకుండా చెప్పండి. ఫిట్ 5 నిమిషాలు దాటితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.