గృహచర్య: పొత్తిగుడ్డలలో నిలిచిపోవు సబ్బు



తొలిచూలు బిడ్డతల్లి యొకతె నన్నిట్లడిగినది: “బిడ్డ గుడ్డలను ప్రతిదినము మంచి సబ్బుతో నుదుకుచున్నాను. అయినను బిడ్డ గజ్జలు ఎఱ్ఱబాఱి యొరిసిపోవుచున్నవి. ఇంతకన్న మంచి సబ్బేదైన గలదా?” ఈ ప్రశ్న వినినంతనే నాకు సిగ్గు కలిగినది. ఏలయన ఆఱేండ్ల క్రిందట నేనును ఇదే ప్రశ్న వేసికొని, దానికి తప్పు సమాధానము చెప్పుకొని, పసిబిడ్డకు బాధను, ఒక ముసలమ్మకు నిందను దెచ్చిపెట్టితిని. ఆ సంగతియే యీ మాసము చెప్పదలచితిని.

మా పుట్టినిల్లు కోనసీమ. ఇల్లు దాటినంతనే కాలువ. నా తొలికాన్పు వాడుక ప్రకారము అచ్చటనే జరిగినది. మా అమ్మ పాత నూలుచీరలు చింపి, మడతలు పెట్టి, అంచులు కుట్టి, రెండు డజనుల పొత్తిగుడ్డలు సిద్ధము చేసినది. ఉచ్చగుడ్డలని వాడుకలో బిలుచునవి యివియే. కాలువనీరు పెరటిలోనికి దెచ్చి యుదుకుచుండిరి. గుడ్డలు మల్లెరేకులవలె మెత్తగా నుండెడివి. పెద్దవాని యొంటిపై ఒక్క పొక్కైన నేనెఱుగను.

రెండవకాన్పు నాటికి మేము అత్తవారి యూరు, కనిగిరి ప్రాంతమున నుంటిమి. అచ్చట మాకు బోరునీరే గతి. వేసవిలో నదియు దినము విడిచి దినము వచ్చెడిది. అవే పొత్తిగుడ్డలు, అదే తల్లి. కాని మూడవమాసము వచ్చుసరికి పిల్లదాని పిఱ్ఱలు, గజ్జలు కందిపోయి, గుడ్డ మార్చినప్పుడెల్ల కెవ్వున నేడ్చెడిది. గుడ్డలు ఎండిన పిదప అప్పడములవలె బిరుసెక్కుచుండెను. గుడ్డలుదుకు ముసలమ్మ సబ్బు సరిగా రాయుటలేదని నేను నిశ్చయించుకొంటిని. ఆమెను నలుగురిలో మందలించితిని. సబ్బు రెట్టింపు చేయించితిని. వారము తిరుగకుండ బిడ్డ తోలూడిపోయినది.

అప్పుడా ముసలమ్మ మెల్లగా ననినది: “అమ్మా, సబ్బెంత రాస్తే యేం లాభం? మీరిచ్చేది రెండు బిందెల నీళ్లు. నురుగే పోవడం లేదు.”

మా అత్తగారు పక్కనే యుండి, “అమ్మాయీ, ఆమె చెప్పినది నిజము. పెట్టినది తీయకపోతే ఉతికినట్టా?” అనిరి. నాకప్పటికిని ఆ మాట రుచింపలేదు. మరునాడు వైద్యుని యొద్దకు బిడ్డను గొనిపోయితిని. ఆయన బిడ్డను జూచుటకు ముందుగా, వెంట దెచ్చిన గుడ్డ నొకదానిని వ్రేళ్లతో నలిపి చూచి, “గుడ్డలెట్లుదుకుచున్నారు? ఎన్నిమారులు జాడించుచున్నారు?” అని యడిగిరి. నా నోట మాట రాలేదు.

ఇందలి కారణమును దెలిసికొనుట కష్టము కాదు. బోరునీటిలో సాధారణముగా సున్నపు లవణములును, మెగ్నీషియపు లవణములును విశేషముగ గరగియుండును. అట్టి నీటిని కఠినజలమందురు. తాగునీటికి భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో సవరించిన ప్రమాణములో కాఠిన్యము లీటరునకు 200 మిల్లీగ్రాములు మించకుండుట మేలనియు, వేఱు నీరు దొరకనిచోట 600 వఱకు అంగీకరింపవచ్చుననియు గలదు. సబ్బు కఠినజలమున కలిసినప్పుడు ఆ లవణములతో కూడి, నీట గరగని జిగటతెట్టుగా విఱిగిపోవును. బకెట్టు అంచున నంటుకొను బూడిదరంగు జిడ్డు అదియే. ఆ తెట్టు గుడ్డ నూలునందును పట్టుకొనును. అంతట గుడ్డ బిరుసెక్కును, రంగు మాయును, నీటిని పీల్చుకొను గుణమును గోల్పోవును. పీల్చని గుడ్డ బిడ్డ మూత్రమును బిడ్డ చర్మము మీదనే నిలిపియుంచును.

ఇందులో నింకొక చిక్కు గలదు. సబ్బు గుడ్డలో నుండగనే కఠినజలమున జాడించినచో ఆ తెట్టు గుడ్డలోనే పుట్టును. కావున సబ్బు నెంత యెక్కువ వాడినచో నంత యెక్కువ తెట్టు. నేను సబ్బు రెట్టింపు చేయించి చేసిన ఘనకార్యము ఇదియే.

మనదేశమున 1959లో సర్ఫు, 1969లో నిర్మా వచ్చినవి. ఇట్టి డిటర్జెంటు పొడులు నేడు ఇల్లిల్లును జేరినవి. ఇవి సబ్బువలె కఠినజలమున విఱిగి తెట్టు కట్టవు. అది వాని గొప్ప గుణము. కాని వానియందును క్షారము, పరిమళము, గుడ్డను తెల్లగా జూపు రంగులేని మెఱుగుద్రవ్యములు మొదలగునవి యుండును. నీరు చాలక అవి గుడ్డలో నిలిచినచో, మూత్రము తగిలినప్పుడు మరల కరగి లేతచర్మమును బాధించును. మూత్రము నిలువయుండినకొలది సూక్ష్మజీవులవలన అందుండి అమోనియా పుట్టును, అదియు క్షారమే. మంట మీద మంట యనుట యిట్టిదే.

మీ యింటి నీరెట్టిదో మీరే పరీక్షింపవచ్చును. మావారు బడిపిల్లలకు జూపు ప్రయోగమిది. రెండు గాజుసీసాలలో ఒకదానియందు పట్టియుంచిన వాననీరు, మఱొకదానియందు మీ యింటి నీరు సమముగా బోయుడు. రెంటను గోరంతేసి మామూలు సబ్బు తురుము వేసి, మూతబెట్టి బాగుగా కుదుపుడు. వాననీట పొంగునట్టి నురుగు వచ్చును. ఇంటి నీట నురుగు రాక, విఱిగిన పాలవలె తెల్లని తునకలు తేలినచో ఆ నీరు కఠినమని యెఱుగుడు. ఇందుకు సబ్బే వాడవలయును. పొడి వాడినచో భేదము తెలియదు. మా యింటి సీసాలో విఱిగిన పాలే కనబడినవి.

నాటినుండి మేము పాటించుచున్న పద్ధతి యిది.

మలమంటిన గుడ్డను వెంటనే మరుగుదొడ్డిలో దులిపి, చన్నీట జాడింపవలయును. మొదటనే వేడినీట వేసినచో మరక గట్టిపడును. తడిగుడ్డలను దినములకొలది నానవేయక, ఏనాటివి ఆనాడే యుదుకవలయును. ప్రాకెడు బిడ్డయున్న యింట నానవేసిన బకెట్టు నేలమీద నుంచుట ప్రాణాపాయము. నాలుగువ్రేళ్ల లోతు నీటను పసిబిడ్డ మునిగిపోవచ్చును. మూతబిగించి, అందని చోట నుంచుడు.

ఉదుకు నీటిని ముందటి రాత్రియే సిద్ధము చేసికొనవలయును. పదునైదు లీటర్ల బకెట్టు నీటికి ఒక పెద్ద చెంచాడు చాకలిసోడా వేసి కలిపి యుంచినచో, తెల్లవాఱుసరికి సున్నము చాలవఱకు అడుగున దిగును. పైతేటను మాత్రము వంచుకొనుడు. చాకలిసోడా చేతులను గూడ బాధించును గనుక తొడుగులు వేసికొనుట మంచిది. పిల్లల కందనీయరాదు.

పిదప వాసనలేని డిటర్జెంటు పొడిని పొట్లముపై జెప్పిన కొలతకు మించకుండ వేయుడు. నీరు మెత్తబడినచో నంతకు దక్కువయే చాలును. కుంకుడుకాయల రసము కూడ వాడవచ్చును. అది సబ్బుజాతిది కాదు గనుక కఠినజలమునను తెట్టు కట్టదు. అయితే కుంకుడురసమును గూడ శుభ్రముగా జాడింపవలసినదే. కంటిలో బడిన కుంకుడురసమెట్లు మండునో మనకందఱకు దెలియును గదా.

జాడించుట మూడుమారులకు దక్కువ కారాదు. ప్రతిమారు గట్టిగా బిండి, క్రొత్తనీట వేయవలయును. పిండకుండ నీరు మార్చుట వ్యర్థము. గుడ్డలోని నురుగునీరు గుడ్డలోనే యుండును. నీటికఱవున్న యూళ్లలో మూడవమారు జాడించిన నీటిని మరునాటి మొదటి జాడింపునకు దాచుకొనవచ్చును. రెండవమారు నీటిని మరుగుదొడ్డికి వాడవచ్చును. వానలనాడు చూరునీరు పట్టియుంచినచో కడపటి జాడింపునకు అంతకు మించినది లేదు. అదియు లేనప్పుడు బకెట్టు నీటికి రెండు చెంచాల తెల్ల వెనిగరు కలిపి జాడించి, మరల నొకమారు మంచినీట దీయుడు. మిగిలిన క్షారము విఱుగును. కాని వెనిగరును బ్లీచింగు పొడితో నెన్నడును కలుపరాదు, విషవాయువు పుట్టును. యంత్రమున నుదుకువారు ఒక జాడింపు అదనముగా బెట్టుకొనుడు.

గుడ్డలో సబ్బు నిలిచినదో లేదో తెలిసికొనుటకు సులువైన ఉపాయము గలదు. ఉదికి యెండిన గుడ్డను గాజుపాత్రలో గోరువెచ్చని వాననీట వేసి చేతితో గలుపుడు. పైకి వచ్చిన బుడగలు వెంటనే పగిలిపోయినచో భయములేదు, అది గాలి. నురుగు నిలిచినను, నీరు కలకబాఱినను, వ్రేళ్లకు జారుడు తగిలినను సబ్బు మిగిలినదని యర్థము. ఇంకొకటి: ఎండిన గుడ్డమీద నీటిబొట్టు విడువుడు. వెంటనే యింకవలయును. తామరాకుమీద వలె నిలిచినచో గుడ్డకు తెట్టో, జిడ్డో పట్టినదన్నమాట.

అట్టి పాతగుడ్డలను పాఱవేయనక్కఱలేదు. కేవలము నూలుగుడ్డలైనచో సబ్బు వేయక, చాకలిసోడా తేటనీట అరగంట మరిగించి, వేడినీటను, పిదప చన్నీటను నురుగు రాకుండునంతవఱకు జాడింపుడు. నేను మా రెండు డజనులను ఇట్లు చేసినప్పుడు మొదటి నీరు పాలవలె దిగినది. అంత సబ్బును బిడ్డకు గట్టియుంచితినా యని నా కన్నులు చెమర్చినవి. తడి బయటికి రానీయని పొర గుట్టిన నేటి గుడ్డ డయపర్లను మాత్రము మరిగింపరాదు, పొర చెడును.

సబ్బే కాదు, గుడ్డకు మఱికొన్ని కూడ అంటుకొనును. నూనెతో మర్దించి స్నానము చేయింపకయే గుడ్డ కట్టినచో ఆ నూనె నూలుకు బట్టి, గుడ్డ పీల్చుట మానును. గుడ్డలను మెత్తబఱచుటకై అమ్ము ద్రవములును నూలుపై పూతవలె నిలుచును. కడపటి నీట వేయు క్రిమినాశక ద్రవములు లేతచర్మమును మండించును. కలరాయుండలు వేసి దాచిన పెట్టెలోని గుడ్డలను పసిబిడ్డకు కట్టనేరాదు. కొందఱు బిడ్డలకు పుట్టుకతో జీ-సిక్స్-పీడీ యను పదార్థము కొఱవడియుండును. వారికి ఆ యుండల యావిరి సోకినను రక్తకణములు విఱిగి, కామెర్లును ప్రాణాపాయమును గలుగవచ్చును.

ఎండకు మించిన చాకలి లేడు. ఎండ మరకలను దేల్చును, క్రిములను దగ్గించును, గుడ్డను లోపలివఱకు ఆర్పును.

ఇంత చేసినను అన్ని పొక్కులును గుడ్డవలన వచ్చినవి కావు. మూడు దినములలో తగ్గనిచో, చర్మపు మడతలలో ఎఱ్ఱగా గట్టి చుట్టును చిన్న చుక్కలు లేచినచో, చీముగాని జ్వరముగాని కనబడినచో వైద్యునికి జూపుడు. శిలీంధ్రమువలన గలుగు ఒరుపు ఉదుకుటతో మానదు. తడిసిన గుడ్డను వెంటనే మార్చుట, రోజున కొంతసేపు బిడ్డను గుడ్డలేకుండ గాలికి విడుచుట యన్నిటికిని మేలు.

ఈ మాట క్రొత్తది కాదు. చరకసంహిత శారీరస్థానము ఎనిమిదవ యధ్యాయమున శిశువు పఱపులు, గుడ్డలు మెత్తనివై, తేలికయై, శుచియై యుండవలయుననియు, మలమూత్రములంటినవి విడువవలయుననియు, వేఱు గుడ్డలు లేనిచో వానినే బాగుగా గడిగి, ధూపమువేసి, శుభ్రముగా నెండించి వాడవలయుననియు గలదు. పొగ పసిబిడ్డల యూపిరితిత్తులకు మంచిది కాదని నేటి వైద్యులందురు గనుక ధూపమును విడుతము. తక్కిన రెండును, బాగుగా గడుగుట, బాగుగా నెండించుట, నేటికిని చెల్లును. చిన్ననాడు తండ్రిగారి యొద్ద ఆ వాక్యమును చదివి యప్పగించితిని. దాని యర్థము నాకు బోధించినది మాత్రము ఆ ముసలమ్మయే.

పదిదినములలో పిల్లదాని చర్మము మామూలైనది. పదునొకండవ దినమున నేను పెరటిలోనికి బోయి, నలుగురిలో మందలించితిని గనుక నలుగురిలోనే, “తప్పు నాది, నన్ను మన్నింపుము” అంటిని. ఆమె నవ్వి, “ఇంకో రెండు బిందెలు తోడించండమ్మా, చాలు” అనినది.

కావున ప్రశ్న యడిగిన తల్లికి నా సమాధానము: అమ్మా, ఇంతకన్న మంచి సబ్బు కొఱకు వెదకకుము. మొదట నీ యింట జాడించుటకు నీరెంత గలదో, ఎట్టిదో చూచుకొని, దానికి దగినంత సబ్బే వాడుము. ఎంత పెట్టితిమో అంతయు దీయగలిగినప్పుడే ఉదికినట్లు.